పది మంది అడగని మాట

కొత్తవాడలో సోమక్క నేసిన జంపఖానా లేని ఇల్లు అరుదు. పెళ్లయినా చావయినా వచ్చిన జనం కూర్చునేది ఆమె నేత మీదే. ఊహ తెలిసీ తెలియకముందే తల్లి పక్కన మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి. భర్త పోయినా ఆ మగ్గం ఆపలేదు. పరాయి సొమ్ముకు ఆశపడిందని ఆమెను వేలెత్తి చూపినవాళ్లు లేరు. అలాంటి మనిషి మీద దొంగతనం కేసు పడింది.

పెట్టినవాడు వెంకట్రాజం. వాడలో చాలా మగ్గాలకు నూలిచ్చే ఆసామి. అతని గోదాములో కొంత నూలు మాయమైంది. అందరూ వచ్చిపోయే గోదామే, అయినా పోలీసులకు సోమక్క పేరొక్కటే చెప్పాడు. కూలి పెంచమని ఆమె అంతకు ముందే అతణ్ని నలుగురిలో నిలదీసింది. ఆ సంగతి మాత్రం ఫిర్యాదులోకి ఎక్కలేదు.

కోర్టులోనే తేల్చుకుందామని లాయరు సుకన్య నచ్చజెప్పింది. సోమక్క వినలేదు. జడ్జికి తానెవరో ఏం తెలుసు? కులపెద్దలైతే తనను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లు. పది మంది కూర్చున్న చోట న్యాయం దారి తప్పదని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి వాళ్లు చేసిన మర్యాద చెప్పాలంటేనే ఒళ్లు మండుతుంది.

సంఘం భవనంలో పెద్దలు జంపఖానా పరుచుకుని కూర్చున్నారు. భవనం కట్టినప్పుడు సోమక్క కూలి తీసుకోకుండా నేసిచ్చిందే అది. వెంకట్రాజం తెప్పించిన చాయ్ తాగారు. ఇక మాట్లాడిందంతా ఒకటే: తప్పు ఒప్పుకోవాలి, దండుగ కట్టాలి, అప్పుడాయన కేసు రాజీ చేసుకుంటాడు. దండుగ ఎక్కువని ఒకాయన, తక్కువని ఇంకొకాయన. అంగట్లో గొర్రెను బేరమాడినట్టు ఆమె పరువును ఆమె ఎదుటే బేరమాడారు. సిగ్గు లేదు.

వాళ్లలో సదానందం ఆమె తండ్రికి ప్రాణస్నేహితుడు. చిన్నప్పుడు ఆమెను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. ఆయనైనా అడ్డుపడతాడని సోమక్క ఎదురుచూసింది.

"జర ఒప్పుకో బిడ్డా," అన్నాడాయన, చాయ్ గ్లాసులోకి చూస్తూ. "ఆయన నూలు బంద్ జేస్తే మా మగ్గాలు గూడ ఆగుతయి."

సోమక్క లేచింది. గొంతు పెంచలేదు.

"దండుగ ఎంతనో అందరు జెప్పిండ్రు కాకా. నూలు నువ్వు తీసినవా అని ఒక్కలన్న అడిగిండ్రా?"

ఎవరూ తలెత్తలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"లేవుండ్రి. నేను నేసిన దాని మీద కూసోని నన్నే దొంగను జేస్తాండ్రు."

వంగి అంచు పట్టుకుంది. పెద్దలు మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆమె జంపఖానా చుట్టి, భుజాన వేసుకుని, తిన్నగా సుకన్య ఇంటికి నడిచింది.

వాయిదా రోజు కోర్టు కిక్కిరిసి ఉంది. జడ్జి వయసులో చిన్నవాడు. సోమక్కను ఎన్నడూ చూసి ఎరగడు, పేరు కూడా కాగితం చూసే పిలిచాడు. ఆమె మీద మోపిన నేరం చదివి వినిపించాడు. తర్వాత తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఈ దొంగతనం మీరు చేశారా?"

సోమక్కకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బోను కట్టె గట్టిగా పట్టుకుంది.

"చెయ్యలే సారూ," అంది.

ఆ మాట చెప్పుకోవడానికే ఆమె ముందు పది మంది దగ్గరికి వెళ్లింది.