కప్పు లేని కళామందిరంలో మా ఆయన పద్యం

నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన కోసం. ఆయనకి చదువు రాదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే పని. అయినా చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం వేసినా రాజు వేషం ఆయనదే. పద్యాలన్నీ చెవితోనే పట్టాడు. అరవై దాటాక మాత్రం మూడో పాదం దగ్గర జారిపోవడం మొదలైంది. తెర పక్కన నిలబడి పుస్తకం చూసి అందించే మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనిషిని నేనే అవుదామని మా చర్చి వరండాలో సాయంత్రం బడికి వెళ్ళాను. పగలంతా మిరపకాయల తొడిమలు తీసిన చేతులతో పలక పట్టుకుని కూర్చుంటే, పాపం, పక్కన టీచరమ్మ తుమ్ముతూనే దిద్దించేది.

ఆయనకి ఒకటే ఆశ ఉండేది. జీవితమంతా రోడ్ల పక్కన వేసిన పందిళ్ళలో పాడాడు. లారీ హారన్లు ఒక పక్క, మైకులో గాలి గుర్రుమనడం ఒక పక్క. గోడలూ కప్పూ ఉన్న చోట, మైకు లేకుండా, ఆఖరి వరస దాకా వినపడేలా ఒక్క పద్యం పాడాలని కోరిక. టౌన్లో కళామందిరం కడుతున్నారంటే పని దిగి రోజూ అటుగానే ఇంటికొచ్చేవాడు. గోడలు లేచాయి. స్టేజీకి మెట్లు కట్టి, పైన చెక్కలు పరిచారు. అంతటితో డబ్బు అయిపోయింది. రెండేళ్ళు వానలు ఆ గోడల మధ్యే కురిశాయి.

"నేను పోయాక వేస్తార్లే కప్పు" అనేవాడు అన్నం కలుపుకుంటూ. నవ్వుతూనే అనేవాడు గానీ ముద్ద నోటి దాకా వెళ్ళేది కాదు.

కట్టించే సంఘానికి పెద్ద ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. మేమంతా మేస్టారనే పిలుస్తాం. ఆ మొండి గోడల మధ్యే ఒక నాటకం వేసి, టౌన్లో పెద్దవాళ్ళందరినీ పిలిచి, కప్పు కోసం చందాలు అడుగుదామన్నారాయన. పల్లెల్లో రైతులు డబ్బుకి బదులు మిరపకాయల బస్తాలు పంపారు. యార్డుకి సెలవు కావడంతో ఆటోలన్నీ తిన్నగా కళామందిరానికే వచ్చి దింపేశాయి.

మాఘమాసం. పొద్దుగూకితే మంచు. తేమ తగిలితే కాయ రంగు పోతుంది. ముఖానికి సగం రంగు వేసుకున్న మా ఆయన బస్తాల్ని చూసి అద్దం ముందు నుంచి లేచొచ్చాడు.

"సరుకు మంచులో పెట్టి నేను కిరీటం పెట్టుకోలేనండి మేస్టారూ!"

ఆ మొత్తం కట్టడంలో కప్పున్న చోటు ఒక్కటే, స్టేజీ చెక్కల కింద. ఒక్కో బస్తా వీపుకెత్తి అక్కడికి నెట్టడం మొదలుపెట్టాడు.

"ముఖం మీద రంగు కారిపోతందయ్యా" అన్నాను.

"నా రంగు కారితే మళ్ళీ పూస్తారు. కాయ రంగు పోతే ఎవరు పూస్తారే?"

ఘాటు సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. పొద్దున లేస్తే ఆ ఘాటులోనే బతికేవాళ్ళం. మాకది వాసన కాదు, గాలి.

నాటకం మొదలైంది. ముందు సోఫాల్లో డాక్టర్లు, వ్యాపారులు. చందాలు నాటకం అయ్యాక మైకులో చదువుతారు. సేనాపతి గద పుచ్చుకుని వచ్చి, వీరావేశంతో స్టేజీ మీద దబదబా అడుగులేశాడు. చెక్కల సందుల్లోంచి ఎర్రటి దుమ్ము లేచింది. "ఓరీ దుర్మార్గుడా" అని ఎత్తుకున్నవాడు తుమ్ముతో ఆగిపోయాడు. మైకువాడు మైకులోనే తుమ్మాడు. హార్మోనియం వదిలేసి ఒకాయన, చెప్పులు వదిలేసి ఇంకొకాయన, కళ్ళు తుడుచుకుంటూ పరుగు. సోఫాలన్నీ ఖాళీ. జనమంతా రోడ్డు మీద పడ్డారు.

మేస్టారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, తెర పక్కన పుస్తకంతో ఉన్న నా దగ్గరికొచ్చారు. "అయిపోయిందమ్మా. ఇంకెవరిస్తారు? కప్పు ఆశ వదులుకోవడమే." ఆ మాట పూర్తికాకుండానే దగ్గు తెరలు కమ్మి ఆయనా బయటికి పరిగెత్తారు.

స్టేజీ మీద రాజు ఒక్కడే మిగిలాడు. దగ్గు లేదు, తుమ్ము లేదు. వయసంతా ఆ బస్తాల కింద గడిపిన మనిషి. నావైపు తిరిగాడు.

"పాడనా?"

"ఎవరున్నారని?"

"గోడలున్నాయిగా."

ఎత్తుకున్నాడు. మైకు లేదు. గొంతు వెళ్ళి వెనక గోడకి తగిలి, పైకి లేచి, గేటు దాటి పోవడం నాకు తెలుస్తోంది. రోడ్డు మీద దగ్గులు ఒక్కొక్కటే తగ్గాయి. మూడో పాదం దగ్గరికొచ్చాడు. ఆగాడు. నేను పనిలో కట్టుకున్నట్టే ముక్కూ నోరూ కప్పి కొంగు కట్టుకుని ఉన్నాను, మాట సరిగా రాదని కాస్త గట్టిగానే అందించాను.

రోడ్డు మీంచి ఎవరో అరిచారు. "రాజుగారికి అందిస్తున్న రాణిగారెవరయ్యా?"

ఘొల్లుమని నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం ముఖం వెలిగిపోయి, నా మాట అందుకుని రాగం తీశాడు, అంత రాగం ఆయన దగ్గర ఇంకా ఉందని నాకే తెలియదు. అయిపోగానే గేటు బయట్నించి "వన్స్ మోర్!"

చందాలు గేటు దగ్గరే చదివారు, అందరూ ముక్కులకి రుమాళ్ళు పట్టుకుని. ఒక కమీషన్ కొట్టు యజమాని బస్తాలన్నీ తనే కొంటానన్నాడు. శాంపిల్ చూస్తారా అని మేస్టారు అడిగితే, "ఇంకా శాంపిలెందుకండీ, ఊరంతా చూసిందిగా!" అన్నాడు.

అయినా అంతా కలిపి మొత్తం కప్పుకి సరిపోలేదు. స్టేజీకీ, ముందు సగానికీ కప్పు పడింది. వెనక వరసలకి ఇంకా ఆకాశమే. పోయిన నెల మొదటిసారి ఆ కప్పు కింద రిహార్సల్ చేశారు. మా ఆయన లుంగీతోనే నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదం దగ్గర ఆగాడు. నేను అందించాను.

పాడటం ఆపి నావైపు తిరిగాడు.

"మెల్లగా అందించవే. కప్పు పడింది. అంతా వినపడుద్ది."