పెట్రోలు మూతకి చుట్టిన పసుపు దారం

మా పికప్‌లో ఇంజను హెచ్చరిక దీపం వెలుగుతోందని మొన్న రాస్తే, మా పెద్దాయన పెట్రోలు మూత బిగించడం మరిచిపోయి ఉంటారని ఒక పాఠకుడు తేల్చేశారు. మరిచిపోలేదు నాయనా. డెబ్బై దాటితే చేతుల్లో పట్టు ఉండదన్నది మా అబ్బాయి సిద్ధాంతం. ఆ సంగతి తేల్చుకోవడానికే ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి ఈ ప్రయాణం.

సింహాచలంలో కొత్త బండికి పూజ చేయించిన మర్నాటి నుంచి ఆ దీపం ఆరలేదు. అది వెలిగిందంటే ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని అర్థమట. పెట్రోలు పోయించి మూత బిగించేది మావారే. "ఇంక నువ్వు బండి ముట్టుకోకు నాన్నా" అని అబ్బాయి తాళం తీసేసుకున్నాడు. పోర్టులో క్రేను నడిపిన మనిషి ఆయన. రిటైరయ్యాక బండిలో మొక్కలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడమే ఆయనకి లోకం. తాళం పోయినప్పటి నుంచి నా వంటకి వంకలు పెట్టడం కూడా మానేశారు. నాకు భయం వేసింది.

వన్‌టౌన్‌ నుంచి ఏడింటికే బయల్దేరండి. ఆలస్యమైతే లారీల వెనక ఆటోనగర్ చేరేసరికి మీరూ నా వయసుకి వస్తారు. గాజువాక దగ్గర ఇడ్లీలకి ఆగాం. తండ్రీకొడుకులు మొహాలు చూసుకోకుండానే చట్నీ గిన్నె అటూ ఇటూ జరుపుకున్నారు.

మెకానిక్ అప్పలరాజు ట్యాంకు గొట్టాల్లోకి పొగ పంపాడు. అది ఎక్కడ బయటికొస్తే లీకు అక్కడన్నమాట. ఈ పరీక్షకి ఐదు వందలు. ముగ్గురం వంగి చూశాం. మూత అంచు నుంచే, అగరొత్తి పొగలా సన్నగా లేచింది. మావారు తన అరచేతులు చూసుకున్నారు.

అప్పలరాజు మూత తీసి నవ్వాడు. "ఇదేటి బాబూ, మూతకి దారం సుట్టినారు? రబ్బరు కింద ఇరుక్కుపోనాది. ఇలాగుంటే ఎవులు బిగించినా ఆవిరి పోద్ది. తాతగారి సెయ్యి గట్టిదే."

పూజారిగారు స్టీరింగుకి కట్టగా మిగిలిన పసుపు దారం అది. బండి తిండి తినేది ఇక్కడే కదా అని మూతకి చుట్టినవాడు మా అబ్బాయి. దేవుడి దారమని మావారూ విప్పలేదు. ఇంజనీరింగు చదివినవాళ్ల భక్తి అలాగే ఉంటుంది.

అబ్బాయే దారం విప్పి, రబ్బరు తుడిచి, మూత తండ్రి చేతికిచ్చాడు. "నువ్వే బిగించు నాన్నా."

ఆయన టక్ టక్‌మనేదాకా బిగించారు. మళ్లీ పొగ పంపితే పిసరంతైనా బయటికి రాలేదు. అప్పలరాజు తన పరికరం తగిలించి దీపం ఆర్పేశాడు. మావారు తాళం అడగలేదు. అబ్బాయే తీసి ఆయన చొక్కా జేబులో వేశాడు. ఇంటిదాకా ఆయనే నడిపారు, ఇడ్లీలు రాళ్లలా ఉన్నాయని దారి పొడుగునా సణుగుతూ. ఆ సణుగుడు విని ఎన్నాళ్లయిందో.

పెద్దవాళ్లని అనుమానించడానికి మనకి ఒక్క దీపం వెలిగితే చాలు. సింహాచలం వెళ్తే దారం అద్దానికి కట్టండి. ఇప్పుడు మాత్రం లేచి, ఇంజను ఆపి ఉన్న మీ బండి పెట్రోలు మూత తీసి, రబ్బరు చుట్టూ పొడిగుడ్డతో తుడవండి. పక్కన మీ నాన్నగారుంటే, బిగించే పని ఆయనకి వదిలేయండి.