వార్చేసిన గంజి

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ పనిరోజుల్లో రాత్రి వంట ఒక్క గిన్నెలోనే కానిస్తాడు. నర్సయిన భార్య ఏడింటి బస్సెక్కేలోపు వేడిగా ఇంత తినాలి. లేకపోతే తెల్లారేదాకా ఆమెకు టీనీళ్లే గతి. చికెన్ ముక్కలు వేయించి, అందులోనే పాస్తా వేసి, కొలిచి నీళ్లు పోస్తాడు. ఆ నీళ్లే చిక్కబడి, చివర పోసే క్రీముతో కలిసిపోతాయి.

ఆరూ ఇరవైకి అతను చొక్కా మార్చుకుని వచ్చేసరికి, చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు మూత అడ్డుపెట్టి గంజి మొత్తం వార్చేసింది.

"నీళ్లెక్కువయ్యాయి బాబూ. ముద్దయిపోతుందని వార్చేశా."

"మంచిపని చేశారత్తయ్యా."

"మరి మొహం అలా పెట్టావేం?"

"పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉందండీ."

రెండు గరిటెల పాస్తా పక్కకు తీసి, మెత్తగా మెదిపి, పాలల్లో కలిపి మళ్లీ గిన్నెలో పోశాడు. సన్నసెగ మీద కలుపుతూనే ఉన్నాడు. ఆరూ నలభైకి అది గరిటెకు పట్టింది. అప్పుడు క్రీము పోశాడు.

భార్య చెప్పులు వేసుకునే తిన్నది. "ఇవాళ ఇంకా చిక్కగా ఉందే."

"మీ అమ్మగారు కూడా ఓ చెయ్యి వేశారు," అన్నాడు.

అత్తగారు కూతురి పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించింది.