తువ్వాలు కింది గరాటు

మా అత్తగారింట్లో తల్లిపాలకు పరదా ఉంది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు కొంగు కప్పుకోవడం అందరూ చేసేదే, దాంతో నాకు పేచీ లేదు. ఇక్కడ పాలు పడే మనిషి కూడా వాటిని చూడకూడదు. అన్నిటికంటే కన్నతల్లి దిష్టి చెడ్డదట. చూసి, "అబ్బ, ఎన్ని పాలు" అని లోపల అనుకున్నా చాలు, మర్నాటికి ఎండిపోతాయట. అందుకని నేను పాల పంపు పెట్టుకుని కూర్చోగానే మా అత్త ఒక పాత నీలం తువ్వాలు తెచ్చి మెడ నుంచి ఒళ్ళో దాకా కప్పేసేది. నందికొట్కూరు ఎండల్లో, కరెంటు పోయిన పూట, ఆ తువ్వాలు కింద నేనూ నా చెమటా గుర్రుమనే ఆ చిన్న బ్యాటరీ మోటారూ. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆత్మకూరు దారిలో ఉన్న ఒక పల్లె హైస్కూల్లో నేను లెక్కల టీచరుని. కాన్పు సెలవు అయిపోయింది. పగలంతా బడిలో ఉంటే పాపకు పాలెట్లా? అందుకే పంపు కొనడానికి కర్నూలు వెళ్ళాం, నేనూ మా అత్తా. మందుల షాపులో కౌంటరు వెనకున్న మనిషి పంపు తీసి, రొమ్ముకు ఆనించే ప్లాస్టిక్ గరాటు ఏ సైజు కావాలని అడిగాడు. నాకు తెలియదన్నాను. అతను నా మొహం వైపు చూడలేదు. చూడాల్సిన చోటు కాని చోట తీరిగ్గా చూసి, "మీకు పెద్దదే సెట్టయితాది మేడమ్" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. నేను నోరు తెరిచేలోగా మా అత్త అందుకుంది.

"పెద్దదే తీస్కో మే. గరాటు పెద్దదైతేనే ఒలకదు. మాకు తెల్దా?"

నిజమే, వాళ్ళకు గరాట్ల గురించి బాగా తెలుసు. వాళ్ళది నూనె అంగడి, కిరాణా సరుకులూ అమ్ముతారు. ఇంటి ముందు భాగమంతా అంగడే. డబ్బాలోంచి సీసాలోకి నూనె పోయడం ఈ ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకూ వచ్చు. కానీ నూనె పైనుంచి కిందికి పోస్తాం. పంపు లాగుతుంది. ఆ తేడా అంగడి మనుషులకు తట్టలేదు, మందుల షాపువాడికీ తట్టలేదు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు అని రాసి ఉన్న గరాటు సంచిలో పడింది.

మొదటిరోజే ప్రాణం పోయినంత పనైంది. పంపు లాగిన ప్రతిసారీ రొమ్ము లోపలికి గుంజుకుపోతున్నట్టుండేది. పళ్ళ బిగువున కూర్చునేదాన్ని. తీశాక చనుమొన చుట్టూ ఎర్రగా కమిలి, రవిక తగిలినా చుర్రుమనేది. ఇంత బాధపడితే సీసా అడుగున కాసిని పాలు.

"అత్తా, శానా నొస్తాంది" అన్నాను.

"నొయ్యదా మరి? మేమంతా పడలేదా? తువ్వాలు సరిగా కప్పుకో. చూస్తాండావేమో, అందుకే పాలు తగ్గినాయి."

మా ఆయనకు చెబితే, "అమ్మకు తెలుసు కదా, ఆమె చెప్పినట్టు చెయ్యి" అని అంగట్లోకి వెళ్ళిపోయాడు. నూనె డబ్బా మూత ఊడిరాకపోతే మాత్రం పది రకాలుగా తిప్పి చూస్తాడు.

బడిలోనూ ఆ తువ్వాలు వదల్లేదు. ఆటసామాన్లు పెట్టే గదిలో కూర్చునేదాన్ని. దానికి గడియ లేదు. ఎవరు తోసుకొస్తారో అన్న భయంతో నేనే కప్పుకునేదాన్ని. అంటే ఇంట్లో దిష్టి, బడిలో సిగ్గు. రెండు చోట్లా నా ఒంటికి ఏం జరుగుతోందో నాకు కనిపించదు.

పాలు ఇంకా తగ్గాయి. పాప సాయంత్రం నేను వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉండేది. ఒకరోజు వంటింటి గూట్లో కొత్త పాలపొడి డబ్బా కనిపించింది. అంగట్లోంచి తెచ్చి పెట్టింది మా అత్త.

"ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ పాలు పడకపోతే పొడి పాలే. బిడ్డను ఎండబెట్టుకుంటామా?"

పొడి పాలు తాగి పెరిగిన పిల్లలు లోకం నిండా ఉన్నారు, తప్పేమీ కాదు. కానీ నాకు పాలున్నాయి. పాప నోరు పెట్టి తాగితే గుటకలు వినిపించేవి. పంపు పెడితేనే రావు. ఉన్న పాలను లేవని తేల్చి, పక్కింటావిడతో "మా కోడలికి పాలు చాల్లేదు" అని నేను వింటుండగానే చెప్పిందే మా అత్త, అదే నాకు మింగుడు పడలేదు.

మర్నాడు బడిలో ఆ గది తలుపుకు అడ్డంగా ఒక బెంచీ ఈడ్చాను. తువ్వాలు తీసి అవతల విసిరేసి, పంపు పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను.

చూడగానే అర్థమైంది. గరాటు గొట్టంలోకి చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి వలయం సగం దాకా పీల్చుకుపోయి, గొట్టం గోడలకు రాసుకుపోతోంది. పాలు వచ్చే దారిని ఆ లాగుడే నొక్కేస్తోంది. ఆపేసి ఫోన్‌లో వెతికాను. పాలిచ్చే తల్లులకు సలహాలు చెప్పే ఒక నర్సు వీడియో దొరికింది. రొమ్ము పెద్దదా చిన్నదా అన్నదానితో పనే లేదట. కొలవాల్సింది చనుమొన వెడల్పు, అదీ పంపు పెట్టకముందు, ఉబ్బకముందు. గొట్టం దానికంటే కాస్త వెడల్పుంటే చాలు. మొన ఒక్కటే లోపల అటూ ఇటూ ఆడాలి. నొప్పి ఉండకూడదు.

ఉండకూడదు! ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఆ మాట అన్నారా?

మరుసటి పొద్దున పంపు ముట్టకముందే పిల్లల స్కేలు పెట్టి కొలుచుకున్నాను. పదిహేను మిల్లీమీటర్లు. నేను మోసింది దాదాపు రెండింతల గొట్టం. ఆ రోజు బడి వదలగానే కర్నూలు బస్సెక్కి అదే షాపుకెళ్ళాను.

"పదిహేడు సైజు గరాటు ఇయ్యి."

"అంత చిన్నదా మేడమ్? మీకు..." అంటూ అతని కళ్ళు మళ్ళీ కిందికి దిగాయి.

"ఏమప్పా, యాడ చూస్తాండావు? నీ అలమరలో చూడు."

షాపులో ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. అతను అలమర వైపు తిరిగి తీసిచ్చాడు.

ఇంటికొచ్చి కూర్చున్నాను. మా అత్త అలవాటుగా తువ్వాలు పట్టుకొచ్చింది. వద్దన్నాను. "చూడగూడదు మే!" అంది. "చూడకే ఇంత దూరం వచ్చింది. నువ్వూ కూర్చుని చూడత్తా" అన్నాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. నొప్పి లేదు. పాలు ముందు చుక్కలుగా, తర్వాత సన్నటి ధారగా పడ్డాయి. సీసా సగం దాటింది. ఏడుపొచ్చింది, కోపంతోనే.

ఆ రాత్రే మా అత్త ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పక్కింటావిడతో, "దిష్టి తీసినా, పాలు పడినాయి చూడు" అంది. గరాటు మాట ఎత్తలేదు. నేను అక్కడే ఉన్నాను.

ఆదివారం వచ్చింది. మా అత్త గూట్లోంచి పొడి డబ్బా దించింది. దండెం మీద ఆరేసిన నీలం తువ్వాలు లాగి, డబ్బా మీద దుమ్ము తుడిచి, మా ఆయన చేతికిచ్చింది.

"డేటు దాటకముందే అమ్మేయి నాయనా."

అంతే. నొప్పి తగ్గిందా అని అడగలేదు. ఆ తువ్వాలు మాత్రం అటునుంచి అటే అంగట్లోకి పోయి, నూనె మరకలు తుడిచే గుడ్డయింది.

నేను పాపను ఒళ్ళో వేసుకుని, పిండిన పాలు పట్టడానికి సీసా ఎత్తి వెలుగులో చూశాను. "అబ్బ, ఎన్ని పాలు" అన్నాను, పైకే, మా అత్తకు వినబడేటట్టు.