హలీమమ్మ నడిపించిన వంక

పాత డైరీల అట్టలు ఊడిపోతే నేనే అంటించుకుంటాను. మొన్న ఆదివారం అందుకోసం తుమ్మజిగురు గిన్నెలో నానబెట్టాను. మూత తీయగానే కాస్త పుల్లగా, చెక్కపొట్టు కలిసినట్టుండే ఆ వాసన తగిలి చేతిలో పని ఆగిపోయింది. కొత్తచెరువు అవతల బస్సు దిగి గంటసేపు నడిస్తే వచ్చే ఒక రాళ్ళగుట్ట కింద హలీమమ్మ ఇలాగే జిగురు నానబెట్టేవారు. ఎర్రమన్ను, సుద్దమన్ను, కుంటలోని నల్లమన్ను విడివిడిగా నూరి, ఆ జిగురునీళ్ళు కలిపి రంగులు చేసేవారు. అనంతపురంలో నా గదికి ఆ గుట్ట చాలా దూరం. అయినా ఆ పూటంతా నేను అక్కడే ఉన్నాను.

హలీమమ్మ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన టీచరు. సేద్యానికి పనికిరాదని అందరూ వదిలేసిన నేలలో బండల కప్పుతో రెండు కొట్టాలు వేయించి, వచ్చినవాళ్ళను మూడేసి రోజులు ఉంచుకునేవారు. కాలేజీ పిల్లలు, బ్యాంకు గుమాస్తాలు, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళు వచ్చేవారు. ఒక విడతకు పదిమందిని మించి రానిచ్చేవారు కాదు. పొద్దున నేలను చూడటం, మధ్యాహ్నం బొమ్మలు వేయటం, సాయంత్రం ఎవరికి వచ్చిన పద్యమో పాటో వాళ్ళు వినిపించటం. కరెంటు లేదు, ఫోను అందదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని గుట్టబడి అనేవారు. అక్కడ నియమం ఒక్కటే. బొమ్మ వేసే ముందు గుట్ట పైనుంచి కింది కుంట దాకా, నీళ్ళు ఎలా పోతాయో అలాగే నడవాలి. కాలిబాట పట్టకూడదు. అందరినీ గుట్ట నెత్తిన నిలబెట్టి ఆమె ఒక చెంబెడు నీళ్ళు పోసేవారు. అవి ఎటు జారితే అటు అడుగు. అవి ఇంకిపోయిన చోటి నుంచి మిగతా దారి మనమే వెతుక్కోవాలి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను మొదట వెళ్ళింది సర్వేయరుగా. గుట్టబడికి పైన, వాలులో ఉన్న ప్రభుత్వ భూమిని సోలార్ పలకలకు ఇచ్చే ప్రతిపాదన ఉంది. కొలిచి నివేదిక ఇవ్వటం నా పని. పాత గ్రామపటంలో ఆ భూమి మధ్యగా ఒక వంక, వాననీళ్ళు పారే చిన్న వాగు, గీసి ఉంది. వంక ఉంటే ఆ మేర వదిలేయాలి. లేకపోతే మొత్తం చదును చేసుకోవచ్చు. నేలమీద చూస్తే గులకరాళ్ళు, రేగుకంపలు తప్ప ఏమీ కనబడలేదు. వరుసగా కొన్నేళ్ళు వానలు లేవు. కొలత గొలుసు పట్టే నాగప్ప ఆ పక్క ఊరివాడే. "ఈడ నీళ్ళు పారింది మా నాయన చూసినాడేమో సార్, నేనైతే చూళ్ళేదు" అన్నాడు. "వంక జాడ లేదు" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. కళ్ళతో చూసిందే రాస్తానని నాకు గర్వం.

దాహమై కొట్టం దగ్గరికి దిగాం. హలీమమ్మ మజ్జిగ ఇచ్చి, ఏం రాసినారని అడిగారు. చెప్పాను. ఆమె వాదించలేదు. చెంబు ముంచి చేతికి తీసుకున్నారు.

"రాండి సారూ, గుట్టెక్కుదాం."

"తాగేకే లేని నీళ్ళు పారబోసేకి పోతాండావా టీచరమ్మా?" అని నాగప్ప నవ్వాడు.

"నా వంతు నీళ్ళేలేప్పా. సాయంత్రం దాకా నేను తాగను. నిన్నేమన్నా అడిగినానా?"

పైన పోసిన నీళ్ళు బారెడు దూరం జారి ఇంకిపోయాయి. అక్కడి నుంచి ఆమె ముందు, నేను వెనక. "ఈ రాళ్ళు చూడండి సారూ. పైన గుండ్లు, కిందికి పోయే కొద్దీ సన్నవి. ఎవరు జల్లెడ పట్టినారు?" ఇంకొంత దిగి ఒక కంప మొదలు చూపించారు. "గాలికి కొమ్మలు వంగుతాయి. బయటపడిన వేర్లన్నీ ఒకే పక్కకు ఎట్ల వంగినాయి?" తర్వాత ఒక కానుగ చెట్టు. దాని మొదట్లో నా మోకాలి ఎత్తున ఎండుగడ్డి, పుల్లలు చుట్టుకుని ఉన్నాయి. ఎప్పటి నీళ్ళో తెచ్చి వదిలిన చెత్త. నాకు అర్థమైంది.

అర్థమైనా దిద్దలేదు. ఎందుకో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. రాసింది కొట్టేస్తే పైవాళ్ళు కారణం అడుగుతారు. అంతకంటే, నా సర్వీసు మొత్తంలో నా పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. ఆ శుభ్రత నాకు ముద్దు. నివేదిక పంపేశాను. ఆనాటి డైరీలో రెండే మాటలు ఉన్నాయి: "కొలతలు పూర్తి."

వాలు చదునైంది, పలకలు నిలిచాయి. రెండేళ్ళకు ఒక వాన మూడు రోజులు విడవకుండా కురిసింది. దారి మూసుకుపోయిన నీళ్ళు పక్కకు తిరిగి గుట్టబడి మీద పడ్డాయి. ఒక కొట్టం కూలింది. బొమ్మలు, పుస్తకాలు, రంగుల కుండలు కుంట పాలయ్యాయి. నేను వెళ్ళేసరికి హలీమమ్మ బురదలో కుండపెంకులు ఏరుతున్నారు. తలెత్తి చూశారు.

"మీరు రాసింది వాన చదవలేదు సారూ."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నాదే తప్పు టీచరమ్మా. ఆ రోజే తెలిసింది నాకు."

ఆమె చేతిలోని పెంకును గంపలో వేశారు. తర్వాత, "కూచుని ఏడ్చేకి ఈడ పొడినేల లేదు. ఆ గంప పట్టుకో" అన్నారు. అప్పటి నుంచి ఆమెకు నేను సారును కాను.

రిటైరయ్యే ముందు, చూసి కూడా దిద్దలేదని నా చేత్తో రాసి ఇచ్చాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చుకున్నాను. చాలాసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాక పలకల మధ్యగా వంక మేర కాలువ తవ్వించారు. పటంలో గీత మళ్ళీ వచ్చింది. గుట్టబడి మాత్రం లేవలేదు. హలీమమ్మ మోకాళ్ళు పోయి, అనంతపురంలో చెల్లెలి ఇంట్లో మంచాన పడ్డారు.

కాలువ తవ్విన తర్వాత వచ్చిన మొదటి వానకు నేను వెళ్ళి, గుట్ట నెత్తి నుంచి కుంట దాకా నీళ్ళ పక్కనే నడిచాను. బురద కాళ్ళతోనే ఆమె దగ్గరికి పోయాను.

"పారిందా?"

"పారింది టీచరమ్మా."

"అట్ల చెప్తే ఎట్లప్పా? పైనుంచి చెప్పు."

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకున్నారు. దుప్పటి మీద చూపుడువేలు నా మాటల వెంట కదులుతోంది. తొందరపడితే ఆపేవారు. "ఆ పెద్దగుండుకు ఏ పక్కన పోతాండాయి? చూసినావా, ఊరికే చెప్తాండావా?"

"చూసినా. ఎడమ పక్కనే."

కానుగ చెట్టు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. నిద్రపట్టింది. "మళ్ళా రాండన్నా, మిగిలింది అప్పుడు చెబుదురు" అని చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది. నేను మళ్ళీ వెళ్ళేలోపే హలీమమ్మ పోయారు.

ఆ మిగిలింది నా దగ్గరే ఉండిపోయింది. కానుగ చెట్టు దాటాక నీళ్ళు రెండు పాయలుగా చీలుతాయి. ఒకటి కూలిన గోడ పక్కనుంచి, ఇంకొకటి రేగుకంపల కిందుగా పోయి, కుంట గట్టు దగ్గర కలుస్తాయి. గోడ పక్క పాయలోనే నీళ్ళు ఎక్కువ. ఎంత లోతని ఆమె తప్పక అడుగుతారని, ఆ రోజే చెప్పులు విడిచి దిగి చూసుకున్నాను. చీలమండ దాకా వచ్చాయి.