సామిపెట్టె ఎక్కిన మినీబస్సు

2023, వైకాసి నెల. కోయంబత్తూరు వైపు తెలుగువాళ్లం నెలలను తమిళ పేర్లతోనే లెక్కపెడతాం కాబట్టి, మిగతావాళ్లు మే నెలాఖరు అనుకోండి. అన్నూరు రోడ్డు పక్కన నా ట్రావెల్స్ షెడ్డు. అందులో ఒక మినీబస్సు, రెండు వ్యాన్లు, నేను, నా పొట్ట అన్నీ ఒకేసారి పడతాయి, ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చకపోతే.

ఇరవై ఆరేళ్లుగా బండ్లు అద్దెకిస్తున్నాను. "ఇంటిల్లిపాదీ ఊరెళ్లడానికి మినీబస్సు మేలా, వ్యాను మేలా?" అని ఎవరైనా అడిగితే చాలు, టీ తాగకుండా రెండు గంటలు చెప్పగలను. ఒకసారి ఒక పెళ్లికొడుక్కి చెబుతూ ఉంటే, అతను మధ్యలో వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చి మిగతాది విన్నాడు.

వ్యానుకు పన్నెండు సీట్లు. ఫుట్‌బోర్డు, అంటే ఎక్కే మెట్టు, కిందికి ఉంటుంది; మోకాళ్ల నొప్పులవాళ్లు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కేస్తారు. ఇరుకు సందులో కూడా దూరుతుంది. కానీ సామాను పైన క్యారియర్ మీద కట్టాలి, లోపల నిలబడితే తల టాపుకు కొట్టుకుంటుంది. మినీబస్సుకు ఇరవై సీట్లు. మధ్యలో నడవడానికి దారి ఉంటుంది, వెనక డిక్కీలో గుడారాలు, వంట అండాలు, పరుపులు, అలిగిన బావమరిది కూడా పడతారు. అయితే టర్నింగ్ రేడియస్ ఎక్కువ. అంటే బండి ఒక్క తిప్పులో మళ్లడానికి కావలసిన చోటు. నా మినీబస్సు ఒకసారి వెనక్కి మళ్లే లోపల రోడ్డు పక్క చేలో వేరుశనగ మొలకెత్తి, కాసి, అమ్ముడుపోయింది.

ఇంత తెలిసిన నాకు, ఆ వైకాసిలో వచ్చిన గిరాకీ నోరు మూయించింది.

వచ్చినాయన రంగసామి, అన్నూరులో చిన్న మరమగ్గాల యూనిట్ నడుపుతాడు. కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు: "అన్నా, రెండు వ్యాన్లు కావల. మేలూరు అవతల మా ఇంటి దేవుడికి పోతాండాము. మూడు దినాలు ఆడనే గుడారం ఏసుకోని ఉండల. మా సామి దెగ్గిర కట్టిన కప్పు కింద పండుకోరాదు."

మూడేళ్లకొకసారి వాళ్లు ఇంట్లోని సామిపెట్టెను మేలూరు దగ్గరి మూలస్థానానికి తీసుకువెళతారు. వెదురుతో అల్లిన పాత పెట్టె అది, లోపల ఏముందో ఇంటి పెద్దకు తప్ప ఎవరికీ తెలియదు. చెట్ల కింద గుడారాలు, మూడు రాళ్ల పొయ్యి, పొంగలి. ఇప్పటి పిల్లలు దాన్ని క్యాంపింగ్ అంటారట. రంగసామి కొడుకు జిప్పు ఉన్న గుడారాలు కూడా కొన్నాడు.

"ఎంతమంది?" అన్నాను.

"పదిహేడు."

"పదిహేడుకు ఒక మినీబస్సు చాలు గదా. రెండు వ్యాన్లు ఏటికి?"

రంగసామి గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. "మా తమ్ముడు వేరే బండిలో వస్తాడు."

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ఎనభై రెండేళ్ల నాగమ్మవ్వ దిగింది, రంగసామి తల్లి. వెనకాల ఆమె కూతురు సరోజ, అవినాశిలో ఇచ్చిన ఆడపిల్ల. అవ్వ నా షెడ్డులోకి పోలీసు రైడు వచ్చినట్టు వచ్చింది.

"వాడు రెండు బండ్లు అడిగినాడా? నాకు తెలుసు, అందుకే వచ్చినా. ఇద్దురూ ఆరేండ్లుగా మాట్లాడుకోరు, ఒక గోడ గురించి. రెండు తూర్లు పెట్టె పూజ నిలిచిపోయింది. ఈ తూరి కండిప్పా, తప్పకుండా ఒకే బండి. పెద్దోడు, చిన్నోడు, అందురూ ఒకే కప్పు కింద కూసోవల. ఇంగో మూడేండ్లకు నేనుంటానో లేదో?"

రంగసామి క్యాలెండరులో ఇంకో నెల తిప్పాడు.

ఇక మొదలైంది అవ్వ ఇంటర్వ్యూ. పెట్టె మీద ఏ సామానూ ఉండకూడదు. కాబట్టి పైన క్యారియర్ ఉన్న వ్యాను పనికిరాదు. పెట్టెను ఇంట్లోంచి కదిలించాక కింద దించకూడదు, పొద్దు గుంకేలోపల చేరాలి, లేకపోతే వెనక్కి ఇంటికే. అన్నిటికన్నా పెద్దది: ఆ ఇంటి మనిషి ఎవరూ పెట్టెకు వీపు చూపించి ముందు కూర్చోకూడదు.

"అట్లయితే మొదటి వరసలో, ఎడమ సీటులో అవ్వ ఒళ్లో పెట్టె," అన్నాను గర్వంగా. "అందురూ వెనకాల. ముందు డ్రైవరు ఒక్కడే. మా డ్రైవరు బయటోడు, పరవాల్లేదు." ఫుట్‌బోర్డు ఎత్తుకు ఒక చెక్క స్టూలు వేస్తానన్నాను. ఆ రోజు నా తెలివికి నేనే లేచి నిలబడి చప్పట్లు కొట్టుకోబోయి, పొట్ట టేబులుకు తగిలి కూర్చున్నాను.

ఈలోగా సరోజ నా మినీబస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనక టైరును కాలితో తట్టింది. "అన్నా, పవర్ స్టీరింగా ఇది? బ్రేకు కొంచం కిందికి దిగుతాండాది, చూసుకోండి," అంది. ఆడవాళ్లకు సీటు కవరు రంగు చెబితే చాలనుకునే మూర్ఖుణ్ణి, "సీటు కవరు నీలం రంగమ్మా," అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు అయిదు రోజుల తర్వాత తెలిసింది.

బయలుదేరే రోజు తెల్లవారుజామున మా డ్రైవరుకు జ్వరం. థర్మామీటరు పగిలిపోయేంత జ్వరమని అతని భార్య ఫోనులో చెప్పింది. ఆ రోజు పెద్ద ముహూర్తం, పెళ్లిళ్లకు డ్రైవర్లందరూ ముందే బుక్కయిపోయారు. సరే, నేనే స్టీరింగ్ పట్టాను. నేనూ బయటివాణ్ణే కదా.

అన్నూరులో అందరినీ, అవినాశిలో సరోజనూ ఆమె భర్తనూ ఎక్కించుకున్నాను. ఆయన నడుము దెబ్బ తిన్న మనిషి, దిండు పెట్టుకుని కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ కుడి చివర ఒకరు, ఎడమ చివర ఒకరు. తమ్ముడు కృష్ణసామికి లారీలు నడిపిన అలవాటు, ప్రతి మలుపులోనూ లేని బ్రేకును కాలితో తొక్కుతున్నాడు. నేను జోకులు చెప్పాను, పాటలు పాడాను. నా వెనక ఎడమ సీటులో అవ్వ ఒళ్లో పెట్టె. నా పాటకు వెదురు పెట్టె కూడా కొంచెం వణికిందని నా అనుమానం.

ఒట్టన్‌సత్రం దాటాక తొమ్మిదింటికి ఒక హోటలు ముందు ఆపాను. అవ్వ పెట్టెతో బండిలోనే కూర్చుంది, తలుపు పక్కనే బల్ల వేయించాం. వేడి పొంగలి, పక్కన గిన్నెల్లో సొరకాయ సాంబారు.

అప్పుడు చూశాను. పదిహేను చేతులు, సైన్యం కవాతులాగా, పదిహేను సాంబారు గిన్నెలను పక్కకు తోశాయి. సరోజ, ఆమె భర్త మాత్రం హాయిగా తాగుతున్నారు. నేను కూడా నా గిన్నెను తోశాను.

అవ్వ కిటికీలోంచి నా గిన్నెను చూసింది.

"నీవేటికి తోసినావు నాయినా?"

"మా ఇంట్లో సొరకాయ తినరవ్వా. మా తాత కాలం నించీ. ఏటికో తెలీదు, తినరాదంతే."

"మీ తాత ఏ ఊరు?"

"మేలూరు తట్టు నుంచి కోయంబత్తూరు మిల్లుకు వచ్చినాడంట. అప్పురం మళ్లా ఆడికి పోనే లేదు."

"ఇంటిపేరేంది నీది?"

మా వైపు ఇంటిపేరు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు తప్ప పెట్టెలోంచి బయటికి రాదు. బోర్డు మీద, లైసెన్సు మీద తండ్రి పేరు మొదటి అక్షరమే. ఇరవై ఆరేళ్లలో ఏ గిరాకీ నన్ను ఇంటిపేరు అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

"రాగులవాళ్లం," అన్నాను.

పదిహేను చెంచాలు ఆగాయి. హోటలు ఫ్యాను ఆగింది. నా లెక్క ప్రకారం భూమి కూడా ఒక క్షణం ఆగి, మళ్లీ బయలుదేరింది.

"అయ్యో సామీ!" అని అవ్వ పెట్టెను గుండెలకు హత్తుకుంది. "మేమూ రాగులవాళ్లమే! నీవు మా పంగాళివిరా! మా పెట్టెకే, నీ పెట్టెకే రెండు గంటలు వీపు చూపిస్తివే!"

పంగాళి అంటే దాయాది. యాభై రెండేళ్లుగా మా ఇలవేల్పు ఎవరో నాకు తెలియదు. మా నాయనకూ తెలియదు. తెలిసేసరికి ఆ దేవుడి ముందు రెండు గంటలు నా వీపు చూపించి, సినిమా పాట పాడి ఉన్నాను. నవ్వు రాలేదు. చెప్పులు విప్పి, పెట్టెకు ఎదురుగా తిరిగి నిలబడ్డాను.

"తెలీక చేసింది తప్పు లేదు," అంది అవ్వ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "తెలిసినంక ఒక్క అడుగు కూడా కూడదు."

అందరూ కృష్ణసామి వైపు చూశారు. లారీ లైసెన్సు అతనికి ఉంది. కానీ అతనూ ఇంటి మనిషే. నేను ఫోను తీసి నాకు తెలిసిన డ్రైవర్లందరికీ కొట్టాను. దిండిగల్లు, పళని, ధారాపురం. ఒకడు తాళి కట్టే చోట ఉన్నాడు, ఒకడు తానే తాళి కడుతున్నాడేమో అన్నంత హడావిడిలో ఉన్నాడు. ఎవరూ దొరకలేదు.

"నేను రివర్సులో పోతే?" అన్నాడు కృష్ణసామి. "మొగం పెట్టె తట్టే ఉంటాది గదా."

ఈ మాటను అవ్వ నిజంగానే ఆలోచించింది. "మేలూరు దాకానా?" అని అడిగింది.

అప్పుడు సరోజ సాంబారు గిన్నె ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి అన్నా."

"ఏటికమ్మా?"

"నేను ఆ ఇంట్లో పుట్టినా, ఇప్పుడు ఆ ఇంటి మనిషిని కాదు. సాంబారు తాగినా, చూడలేదా?" అని పర్సులోంచి లైసెన్సు తీసింది. "బనియన్ కంపెనీ బస్సు. అవినాశి నుంచి తిరుప్పూరుకు, దినాము నాలుగు ట్రిప్పులు. తొమ్మిదేండ్లుగా."

ఈసారి ఆగింది నా గుండె. రంగసామి తల దించుకున్నాడు, బండికి అవతలి పక్క కృష్ణసామి కూడా దించుకున్నాడు. ఆరేళ్లలో ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది. బావకు నడుము విరిగాక సరోజ స్టీరింగ్ పట్టిన సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంటి పరువు పోతుందని అమ్మకు చెప్పలేదు.

అవ్వ ఒక్కొక్క కొడుకునే చూసింది. "నా బిడ్డ తొమ్మిదేండ్లు ఒంటిగా సంసారం లాగతాంటే నా దెగ్గిర దాచినారా? ఒక గోడకు ఆరేండ్లు కొట్లాడే మొగోళ్లు, దీనికి మాత్రం ఒకటైనారా?"

తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఎక్కు కన్నూ, నా తల్లీ. పొద్దు ఎక్కతాండాది."

నేను నా బండిలో వెనక సీటులో కూర్చున్నాను. వెనకనుంచి చూస్తే తెలిసింది, నా బండికి గేరు మార్చినప్పుడు శబ్దమే రాదని. ఇన్నేళ్లూ అరిచింది గేర్‌బాక్సు కాదు, నా చెయ్యి. సరోజ బండిని నీళ్లు నింపిన చెంబులాగా తీసుకెళ్లింది. బ్రేకు సంగతి మాత్రం ఒకసారి అద్దంలో నా వైపు చూసి గుర్తుచేసింది. సీటు కవరు రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు.

మేలూరు దాటాక మూలస్థానానికి మట్టిబాట. రెండు పక్కలా ముళ్లకంప, మధ్యలో బండి వెడల్పు, దాని మీద ఒక జానెడు. సగం దారిలో ఎదురుగా గ్రానైటు లారీ. ఒక్కొక్క రాయీ నా షెడ్డంత. లారీ వెనక్కి పోలేదు, మేమే పోవాలి. ఇక్కడ వ్యాను అయితే పక్కకు ఒదిగేది అని నా వృత్తి జ్ఞానం లోపలనుంచి ఏడ్చింది.

సరోజ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: "ఇద్దురన్నలూ దిగండి! పెద్దన్న ఎడమ తట్టు, చిన్నన్న కుడి తట్టు. నాకు కాదు, ఒకరికొకరు చెప్పుకోండి. ఇద్దురూ సరి అంటేనే బండి తీస్తా!"

దిగారు. వెనక నిలబడ్డారు. లారీ హారను కొట్టింది.

"నీ తట్టు ఎంత ఉండాది?" అన్నాడు రంగసామి, ముళ్లకంపను చూస్తూ.

"బెత్తెడు," అన్నాడు కృష్ణసామి, ఇంకో ముళ్లకంపను చూస్తూ. తర్వాత గొంతు పెరిగింది. "ఆపన్నా, ఆపు! గుంత! నీ కాలు తీయన్నా, టైరు కింద పడతాది!"

రంగసామి కాలు తీశాడు. తీసి, తమ్ముడి ముఖం చూశాడు. తర్వాత ఇద్దరూ ఒకే గొంతుతో, "సరి, రానీ!" అన్నారు. అలా రెండు ఫర్లాంగులు వెనక్కి. బండికి ఒక్క గీత పడలేదు. లోపల అవ్వ కళ్లు మూసుకుని పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె వింటున్నది ఇంజను శబ్దం కాదని నాకు తెలుసు.

పొద్దు ఇంకా రెండు బారలు ఉండగానే చేరాం. పెట్టె దిగింది. మూడు దినాలు జిప్పు గుడారంలో పడుకున్నాను. నేను తిరిగితే గుడారమూ తిరిగేది. మూడోనాడు పొంగలి పంచేటప్పుడు అవ్వ నన్ను పిలిచి, పంగాళి పాలు, అంటే దాయాది వాటా అని నా ముందు ఒక ఆకు వేసింది. మా తాతకు, మా నాయనకు కూడా చెరొక ముద్ద పక్కన పెట్టింది. నేను నా ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇరవై ఆరేళ్లు నేను సీట్లు లెక్కపెట్టాను, మెట్టు ఎత్తు కొలిచాను, డిక్కీ లోతు చూశాను. మనుషుల్ని సీట్లుగానే చూశాను. టైరును తట్టిన మనిషికి సీటు కవరు రంగు చెప్పాను. ఇప్పుడూ వ్యానా, మినీబస్సా అని అడిగితే రెండు గంటల ఉపన్యాసం సిద్ధంగానే ఉంది. కానీ దానికి ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: "మీ ఇంటిపేరేంది? మీ ఇంట్లో పుట్టి బయటికిచ్చిన ఆడపిల్లల్లో లైసెన్సు ఎవరికుంది?"

సగం మంది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, పక్క ట్రావెల్సుకు వెళ్లిపోతారు. మిగతా సగం కాసేపు ఆలోచించి, ఫోను తీసి, చాలాకాలంగా పిలవని ఒక నంబరుకు కొడతారు.