బరువు లేని బొగ్గు

మొన్న ఆదివారం చంద్రపూర్‌లో మా ఇంటికి వచ్చిన మేనకోడలు, తన ఆఫీసు పాత ప్రోగ్రాము ఒకదాన్ని కంప్యూటరులోని కృత్రిమ మేధకే అప్పగించి, నేను కళ్లజోడు తుడుచుకునేలోగా దాన్ని వేరే భాషలోకి మార్పించింది. మార్చడమే కాదు, ఒక వరుస దగ్గర ఉన్నదున్నట్టు రాస్తే అర్థం మారిపోతుందని ఆ యంత్రమే హెచ్చరించింది. అది చదివి నాకు చేతులు జోడించాలనిపించింది. సరిగ్గా అలాంటి వరుస దగ్గరే నేనొకప్పుడు బోర్లాపడ్డాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సి ప్లస్ ప్లస్‌లో ఉన్నవన్నీ జావాలోకి మార్చమని ఆఫీసులు తొందరపెట్టిన కాలం. బొగ్గు లారీలను తూచే కాటా ప్రోగ్రాము నా వంతుకు వచ్చింది. రెండు భాషలూ అక్కాచెల్లెళ్లలా కనిపించడంతో, మాటకు మాట పెడితే చాలనుకుని, ఒక్క లారీతోనైనా సరిచూడకుండా నడిపించేశాను. ఆ కాటా దగ్గర పనిచేసేది మా బావే, అంటే ఈ పిల్ల తండ్రి. కొండలా నింపుకొచ్చిన మొదటి లారీకి బొగ్గు బరువు సున్నా అని తెర మీద పడింది. రెండోదానికీ అంతే.

“ఏందిర బామ్మర్దీ, బొగ్గంత నీ డబ్బ మింగిందా ఏంది?” అని బావ నవ్వాడు. లారీలు రోడ్డు దాకా నిలిచిపోయి, పెద్ద సాహెబు వచ్చేసరికి ఆ నవ్వు లేదు. కాటాలో ఎవరో చెయ్యి పెట్టారని ఆయన అనుమానపడితే, ప్రోగ్రాములో తప్పేమీ లేదని నేను గట్టిగా చెప్పాను. దాంతో బావను పని ఆపించి పక్కన నిలబెట్టారు.

మధ్యాహ్నానికి తప్పు దొరికింది. ఖాళీ లారీ వివరాలకు నకలు తీసి, ఆ నకలులో నిండు బరువు వేయడం పాత ప్రోగ్రాము పద్ధతి. అదే వరుస జావాలో నకలు తీయదు, ఉన్నదానికే రెండో పేరు పెడుతుంది. నిండు బరువు వేయగానే ఖాళీ బరువూ అదే అయిపోయి, తీసివేస్తే మిగిలేది సున్నా. చూపుకు ఏమీ మారని వరుసలో అర్థమంతా మారిపోవడం చూసి విస్తుపోయాను. ఆ విస్మయంలోనే సరిదిద్ది, ఇప్పుడు బాగా నడుస్తోందని సాహెబుతో అన్నానే తప్ప, తప్పు నాదని అనలేదు. బావను మళ్ళీ కాటా మీద కూర్చోబెట్టారు గానీ, ఆయన మీద పడిన అనుమానపు చూపు చాలాకాలం పోలేదు.

ఇప్పుడా తప్పును పుట్టకముందే పట్టుకునే యంత్రం వచ్చింది, దానికోసం ఎవరూ ఎండలో నింద మోస్తూ నిలబడనక్కరలేదు. ఆ అద్భుతాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరక, చూస్తూ చూస్తూనే ఆనాటి సంగతంతా మేనకోడలికి చెప్పేశాను.

తను తెర మీంచి చూపు తిప్పి, “నాన్న ఉన్నప్పుడే చెప్పాలె కద మామా,” అంది.

తప్పు వెతకడానికి పట్టే కాలం రెప్పపాటుకు వచ్చేసింది గానీ, దాన్ని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.